ఇరవై ఏడో నంబరు బండికి ఎదురు

దాదాపు ఐదు నెలలపాటు, రోజూ మా అబ్బాయి పనికి బయల్దేరేదాకా నేను వంటింట్లో దాక్కున్నాను. యాభై తొమ్మిదేళ్ల మనిషిని. ఇంటిల్లిపాదికీ వండి పెట్టే మనిషిని. బొగ్గుల సంచి పక్కన చిన్న పీట వేసుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, నా ఇంట్లో నేనే దొంగలా కూర్చునేదాన్ని. సూరి బూట్ల చప్పుడు మూడో అంతస్తు నుంచి కిందిదాకా దిగిపోయి, వీధి గుమ్మం దగ్గర ఇనప తలుపు ధడేలుమన్నాక, కోడలు విజయశ్రీ వంటింటి కర్టెను తీసి, "ఎలిపోనారత్తా, రండి" అనేది. అప్పుడు లేచి ఎసరు చూసుకునేదాన్ని.

ఈ ఏర్పాటు మా రత్నం వదినది. మా ఆయనకి అక్క. మా కింది అంతస్తులో ఉంటుంది. మా ఆయన ధనరాజ్ కార్తీకమాసంలో పోయాడు. సేక్కాన్ రేవులో పడవలు బాగుచేసే షెడ్డులో వెల్డింగ్ చేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. పన్నెండో రోజు చుట్టాలంతా తిని వెళ్లాక వదిన నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"సూడు సుదామనీ, సూరిగాడు పొద్దున్నే బయలెల్తాడు. మనలాటోల్లం ఎదురుపడకూడదు. నాను పద్దెనిమిదేల్ల నుంచీ తొమ్మిది గంటల్దాకా తలుపు తియ్యను. ఎవులైనా సెప్పినారేటి నాకు? నానే తెలుసుకున్నాను. నువ్వూ తెలుసుకో."

నేను తలూపాను. ఊపినందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం. అప్పుడు ఒళ్లంతా మొద్దుబారి ఉంది, ఎవరేం చెప్పినా తలూపేదాన్ని. పైగా సూరికి ముప్పై మూడేళ్లు. మింగళాడోన్ విమానాశ్రయంలో సరుకు దించే పని. మగపిల్లల్ని దారిలోనే ఆపి సైన్యంలోకి పట్టుకుపోతున్న రోజులు, ఆ వయసు కుర్రాడు పొద్దున బస్సెక్కితే, సాయంత్రం మళ్లీ మెట్లెక్కేదాకా ఈ ఊళ్లో ఏ తల్లికీ ముద్ద దిగడం లేదు. నావల్ల వాడికేమైనా అయితే? ఆ ఆలోచన ఒక్కసారి బుర్రలో పడితే ఇక బయటికి పోదు.

మరి అంతకుముందు ముప్పై ఐదేళ్లపాటు ఎదురు రావడమే నా ఉద్యోగం. మా ఆయన పనికి బయల్దేరేటప్పుడు ఇత్తడి చెంబు నిండా నీళ్లు పట్టుకుని నేను ముందే మెట్లు దిగిపోయేదాన్ని. ఆయన దిగుతుంటే నేను ఎదురుగా ఎక్కేదాన్ని. ఎదురు బాగుంటే వెళ్లిన పని బాగుంటుందని మావాళ్ల నమ్మకం. రేవులో కూలిపనికి ఓడెక్కి బర్మా వచ్చిన మా ముత్తాతలు మూటల్లో తెచ్చుకున్న వాటిలో అదొకటి. ఆదివారాలైతే రేసు బండికి కూడా నేనే ఎదురొచ్చేదాన్ని.

ఆ రేసు బండి సంగతి చెప్పాలి. ఊరవతల లేగూ రోడ్డులో మూతబడ్డ ఇటుకబట్టీ ఒకటుంది. చలి తగ్గాక, వానలు మొదలయ్యేలోపు, అక్కడి బంకమట్టి నేలని కోడిగుడ్డు ఆకారంలో బాటగా చదును చేసి ఆదివారం సాయంత్రాలు కార్ల పందేలు పెడతారు. మామూలు కార్లు కావు. పాత జపాను కారు ఇంజను, దాని చుట్టూ ఇనప గొట్టాల పంజరం, నెత్తిన ఏటవాలుగా మంచమంత రేకు. తలుపుల్లేవు, అద్దాల్లేవు. మలుపు రాగానే అడ్డంగా తిరిగి, మట్టి చిమ్ముకుంటూ, పక్కకి జారుకుంటూ పోతాయి. మా ఆయన ఎక్కడో వేరే దేశంలో ఇలాంటి బళ్లు పరిగెత్తడం ఫోన్లో చూసి, పిచ్చెక్కి, కో జో అనే బర్మా మెకానిక్‌తో కలిసి తనూ ఒకటి కట్టాడు. పంజరం ఈయనది, ఇంజను అతనిది. రేకుకి పసుపు రంగు వేసింది నేను. నంబరు ఇరవై ఏడు. నడిపేది కో జో.

ఆయనా నేనూ రెండో మలుపు దగ్గర, మట్టిబెడ్డలు ఎగిరొచ్చి మొహాన కొట్టే చోట, చాప వేసుకుని కూర్చునేవాళ్లం. ధనరాజ్ బండికేసి చూసేవాడు కాదు, కళ్లు మూసుకుని వినేవాడు. ఇంజను ఎక్కడ దగ్గుతోందో, ఎక్కడ గురక పెడుతోందో చెప్పేవాడు. నేను నేల చూసేదాన్ని. మట్టి తడిగా నల్లగా ఉంటే చక్రానికి పట్టు దొరుకుతుంది. తెల్లబడిందంటే జారుతుంది. ఇంటికొచ్చాక తలంటుకుంటే మూడు బకెట్ల ఎర్రనీళ్లు పోయేవి. పెళ్లయిన కొత్తలో కూడా మేం అంత సరదాగా లేము.

ఫిబ్రవరి చివర్లో కో జో మా ఇంటికొచ్చాడు. నలభై రెండేళ్లవాడు, గోళ్లనిండా గ్రీజు. మా ఆయన ఫొటో ముందు కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత నావైపు తిరిగి బర్మా భాషలో అన్నాడు.

"డా సుధా, ఈ ఆదివారం నుంచి మొదలు. చెంబు తీసుకుని వచ్చేయండి."

పెద్దవయసు ఆడవాళ్ల పేరుముందు డా అని చేర్చి పిలవడం బర్మావాళ్ల మర్యాద. ఆ పిలుపు విని నాలుగు నెలలైంది. ఇంట్లో నేను సుధామణినే కాదు, ఏడాది మైల ఉన్న మనిషిని. నేను నోరు విప్పేలోపే సూరి అందుకున్నాడు.

"అమ్మ రాదు. ఏడాది తిరగాలి. మా ఆవిడ వస్తుంది."

"ఏడాది తిరిగాక అమ్మగారు వస్తారా?"

ఏడాది కాదు, పదేళ్లు తిరిగినా ఆ పనికి నేను పనికిరానని ఇంట్లో అందరికీ తెలుసు.

విజయశ్రీ పాపం మంచి పిల్ల. రేసంటే దానికి బొత్తిగా గిట్టదు. అయినా మొగుడి మాట కాదనలేక, పట్టుచీర కట్టి, మొహం నిండా బొట్టు పెట్టుకుని, నా చెంబు పట్టుకుని బండికి ఎదురు నడిచింది. నాలుగో చుట్టులో ఇరుసు విరిగింది. రెండో ఆదివారం ఇంజను పొగలు కక్కింది. మూడో ఆదివారం బండి వెళ్లి గడ్డికుప్పలో దూరింది. ఆ రోజు విజయశ్రీ తలనొప్పితో ఇంటికొచ్చి, చెంబు అక్కడే మరిచిపోయానని చెప్పి, తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది.

"ఆ ఇరుసు పాతది" అంది రత్నం వదిన. "పెట్రోలు కల్తీ" అన్నాడు సూరి. ఇద్దరూ మట్టిని తిట్టారు, నీళ్ల లారీవాణ్ని తిట్టారు. వంటింట్లో కూర్చుని నేనన్నీ వింటున్నాను. ముత్తైదువ ఎదురొచ్చి ఇరుసు విరిగితే తప్పు ఇరుసుది. అదే నేను ఎదురొచ్చి విరిగి ఉంటే? ఆ రాత్రి నాకు ధనరాజ్ పోయిన తర్వాత మొదటిసారి కోపం వచ్చింది. ఏడుపు కాదు, కోపం. చాలా హాయిగా అనిపించింది.

తింజాన్ నీళ్లపండుగకి ముందొచ్చే ఆదివారం ఆ ఏటికి ఆఖరి పందెం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, వదిన మా ఇంట్లో తమలపాకులు తుడుచుకుంటుండగా, నేను చాప చంకన పెట్టుకుని ముందుగదిలోకి వచ్చాను.

"నాను రేసుకి ఎల్తన్నాను."

వదిన చేతిలో ఆకు ఆగిపోయింది. "ఏటీ?"

"రేసుకి. రెండో మలుపు కాడ కూకుని సూసొస్తాను."

"మొగుడు పోయి ఆర్నెల్లు కాలేదు. నలుగురూ ఏటనుకుంటారే? నీ మొకం సూసి ఆ బండి కదుల్తాదేటి? ఆ డైవరుకి పెల్లాం పిల్లలు నేరా?"

"వదినా, ఒక్క మాట సెప్పు. నీ తమ్ముడు ఆకరిసారి పనికెల్లినప్పుడు ఎవులెదురొచ్చినారు?"

ఆవిడ చేతిలో ఆకుని మళ్లీ తుడవడం మొదలెట్టింది.

"నానే. బొట్టెట్టుకుని, గాజులేసుకుని, సెంబు నిండా నీల్లట్టుకుని నానే ఎదురొచ్చినాను. నన్ను సూసి నవ్వి మరీ ఎల్లినాడు. అప్పుడు నాను మంచిదాన్నే కదా? మరి ఏటయినాది?"

గదిలో ఫ్యాన్ కూడా తిరగడం లేదు, కరెంటు లేదు. వదిన ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి సర్దింది, మళ్లీ విడదీసింది. సూరి గోడవైపు తిరిగి చొక్కా తొడుక్కున్నాడు.

"పద. నిన్నొక్కదాన్ని పంపను, దారంతా తనికీలే. సూసి వచ్చీడమే. బండి కాడికి మాత్రం ఎల్లకు."

"సరే" అన్నాను. నిజంగానే అన్నాను. నాకు కావలసింది నా చోట నేను కూర్చోవడం, అంతే.

రెండు బస్సులు మారి, ఆఖరి మైలు లారీ వెనక నిలబడి వెళ్లాం. ఇటుకబట్టీ పొగగొట్టం కనబడగానే చాపని ఇంకాస్త గట్టిగా చంకన నొక్కుకున్నాను. నీళ్ల లారీ బాటంతా తడుపుతోంది. వేడి నేలమీద నీళ్లు పడ్డ వాసన, పెట్రోలు వాసన, నూనెలో సొరకాయ బజ్జీల వాసన. జనరేటర్లు మొదలయ్యాయి. పొద్దు వాలుతుండగానే వెదురు గుంజలకి కట్టిన దీపాలు వెలిగాయి. రెండో మలుపు దగ్గర మా చోటు ఖాళీగానే ఉంది. చాప పరిచి, సగం మీద నేను కూర్చున్నాను. తక్కిన సగం మీద సూరి కూర్చోకుండా నిలబడ్డాడు.

చిన్న పందేలు రెండు అయ్యాయి. మొదటి బెడ్డ వచ్చి భుజానికి తగిలినప్పుడు గట్టిగా నవ్వేశాను. పక్కన బజ్జీలు తింటున్న ముసలాయన నన్ను గుర్తుపట్టి, మీవారేరని సైగ చేసి అడిగాడు. పైకి చూపించాను. ఆయన తన పొట్లంలోంచి రెండు బజ్జీలు నా చేతిలో పెట్టాడు.

తర్వాత ఆఖరి పందెం, ఇరవై చుట్లు. బళ్లన్నీ వచ్చి గీత దగ్గర నిలబడ్డాయి. ఇరవై ఏడు రాలేదు. మైకులో ఒకసారి పిలిచారు, రెండుసార్లు పిలిచారు. చివరికి పసుపు రేకు బండి మెల్లగా వచ్చి, గీతకి ఇరవై గజాల దూరంలోనే ఆగి, ఇంజను ఆపేసింది. కో జో దిగాడు. హెల్మెట్ ఒక చేతిలో, నా ఇత్తడి చెంబు ఒక చేతిలో. అంత జనంలోంచీ తిన్నగా మా చాప దగ్గరికి నడిచొచ్చాడు.

"మీరొచ్చారని చెప్పారు. మీ కోడలికి చెప్పకండి గానీ, ఆ అమ్మాయి కళ్లు మూసుకుని నడుస్తుంది. లేవండి."

"కో జో, మా వాళ్లలో భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదు."

"ఎందుకు?"

తెలుగులో అయితే ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. బర్మాలో మొదటిసారి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. "నేను ఎదురొస్తే నువ్వు చచ్చిపోతావని" అన్నాను.

ఆ మాట నా చెవులకే వినిపించింది. ఇన్నాళ్లూ పీట మీద కూర్చుని నేను మోస్తున్నది ఇదా అనిపించింది.

కో జో బుర్ర గోక్కున్నాడు. "చస్తే నాకు నడపడం రాక చస్తాను. ఆ పేరు మీరెందుకు కొట్టేస్తారు?"

"వొద్దమ్మా" అన్నాడు సూరి. కోపంగా కాదు, భయంగా. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి గొంతు. నాకూ భయం ఉంది. లేదని బడాయి పోను. కానీ భయపడుతూ బొగ్గుల సంచి పక్కన కూర్చోవడం కంటే, భయపడుతూ నడవడం నయం.

తాడు పక్కనున్న నీళ్ల డ్రమ్ములో చెంబు ముంచాను. చెప్పులు విడిచాను. బాట మధ్యలోకి వెళ్లి, ఇరవై ఏడుకి ఎదురుగా, మా ఆయన ఉన్నప్పుడు ఎలా నడిచేదాన్నో అలాగే నడిచాను. తడిమట్టి కాలివేళ్ల మధ్యకి చల్లగా వచ్చింది. బండి పక్కకి వచ్చాక కో జో తల వంచాడు, ఇంజను స్టార్ట్ చేశాడు. నేను నా చాప దగ్గరికి తిరిగొచ్చి, చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆలస్యం చేసినందుకు అతన్ని అందరికంటే వెనక పెట్టారు. ఐదో చుట్టుకి ఆరో స్థానం, పదికి నాలుగు. ధనరాజ్‌లాగా నేనూ కళ్లు మూసుకుని విన్నాను. ఇంజను ఎక్కడా దగ్గడం లేదు. కళ్లు తెరిచేసరికి పధ్నాలుగో చుట్టు, ఇరవై ఏడు రెండో స్థానంలో ఉంది. నేను లేచి నిలబడి గొంతు చించుకుని అరుస్తున్నాను. ఒక బెడ్డ ఎగిరొచ్చి సరిగ్గా నుదుటికి కొట్టింది. తుడుచుకునే తీరిక కూడా లేదు.

పదిహేడో చుట్టులో, మా మలుపు లోపలి అంచున మట్టి తెల్లబడటం చూశాను. "బయటికి, బయటికి!" అని అరిచాను. వినబడుతుందా? ఇరవై ఏడు ఆ తెలుపు మీదికే వెళ్లింది, జారింది, దాని ముందు చక్రం పక్కబండి చక్రం మీదికెక్కింది. బండి గాల్లోకి లేచి, ఒకటి, రెండు, మూడు పల్టీలు కొట్టి తలకిందులుగా పడింది. నేను రంగేసిన రేకు ఊడి ఎక్కడికో ఎగిరిపోయింది.

ఇంజన్లన్నీ ఆగిపోయాయి. వేలమంది ఉన్న ఆ చోట, నేను ఎదురు రావడమంటే ఏమిటో తెలిసినవాళ్లం సూరీ నేనూ ఇద్దరమే. సూరి నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాడెంత కష్టపడుతున్నాడో తెలుస్తూనే ఉంది.

తాడు దాటి లోపలికి నడిచాను. ఎవరో ఆపబోయారు, విదిలించుకున్నాను. నావల్లే అయితే అది నా కళ్లతోనే చూస్తాను, వంటింట్లో కూర్చుని వినను. మోకాళ్ల మీద వంగి పంజరంలోకి చూశాను. కో జో బెల్టులకి తలకిందులుగా వేలాడుతూ, నోట్లో మట్టి ఉమ్ముతూ, బూతులు తిడుతున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

కుర్రాళ్లు అతన్ని బయటికి లాగారు. మోచెయ్యి గీరుకుంది, అంతే. నేను బండి చుట్టూ తిరిగాను. నాలుగు గొట్టాలు వంగాయి. ఒక్క అతుకు విడలేదు. ధనరాజ్ అతుకులు నాకు తెలుసు, చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా ఉంటాయి. ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాను.

"చూశారా" అన్నాడు కో జో, ఇంకా రొప్పుతూ. "మీరు ఎదురొచ్చారు కాబట్టి బతికాను."

"నోరు ముయ్యి. పల్టీ కొట్టింది ఆ తెల్లమట్టి మీదికి పోయినందుకు. బతికింది ఆయన అతుకులు గట్టివి కాబట్టి. నాకు ఆ పాపమూ వద్దు, ఈ పుణ్యమూ వద్దు."

అతను పెద్దగా నవ్వాడు. వెనక్కి తిరిగితే సూరి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. బండి పక్కన గొంతుక్కూర్చుని, వాళ్ల నాన్న వేసిన అతుకు మీద ఆ కొస నుంచి ఈ కొసదాకా బొటనవేలితో మెల్లగా తడుముతున్నాడు.

తనిఖీలు గట్టిపడేలోపు ఇల్లు చేరాం. కరెంటు లేదు. రెండో అంతస్తు మెట్ల మీద రత్నం వదిన కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉంది. నా మొహం మీదికి వెలుగు పెట్టింది.

"నుదుటనేటది?"

"మట్టి."

"బండి గెలిసినాదా?"

"పల్టీ కొట్టినాది."

"అదుగో! నాను సెప్పినానా? సెప్పినానా లేదా..."

"అత్తా" అన్నాడు సూరి. "నాన్న అతుకు ఒక్కటీ ఇడిపోనేదు." అంతే అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు సోమవారం. పొద్దున్నే లేచి వంట మొదలెట్టాను. పీట గోడకి ఆనించి ఉంది, దాని జోలికి పోలేదు. సూరి బూట్లు వేసుకున్న చప్పుడైంది. గుమ్మం దాకా వెళ్లి ఆగిన చప్పుడైంది.

"అమ్మా, బస్సు పోతాది. ఎదురు రావేటి?"

చెంబు తోమి పెట్టే ఉంది. నీళ్లు ముంచుకుని, వాడి పక్కనుంచి ఒదిగి దాటి, మూడంతస్తులూ గబగబా దిగి, వెనక్కి తిరిగి మెల్లగా ఎక్కడం మొదలెట్టాను. దానివల్ల ఏదో ఒరుగుతుందని కాదు. వాడు ఆగి అడిగాడు, అందుకు. ఇక దాక్కోను, అందుకు. రెండో అంతస్తు దగ్గర వాడూ నేనూ ఎదురుపడ్డాం. వాడు నా మొహంలోకి సూటిగా చూసి, తల వంచి దిగిపోయాడు.

అప్పుడు చూశాను, వదిన తలుపు బెత్తెడు తెరిచి ఉంది. టైము ఆరు కూడా కాలేదు. సందులోంచి ఒక కన్ను కనబడుతోంది. ధనరాజ్ పోయిననాడు కూడా ఆ కన్నుని నేను అంత ఎర్రగా చూడలేదు. తలుపు తోసి చెంబు ఆవిడ చేతుల్లో పెట్టాను.

"రేపు నీ వొంతు."

"నీకు మతి పోనాదేటే? పద్దెనిమిదేల్ల నుంచీ నాను..." అని మొదలెట్టింది. నన్ను తిట్టింది, కో జోని తిట్టింది, ఆ ఇటుకబట్టీని తిట్టింది, ఈ వయసులో బుద్ధి చెప్పకుండా పోయినందుకు చచ్చిపోయిన తమ్ముణ్ని కూడా తిట్టింది. తిడుతూ తిడుతూనే తలుపు వేసుకుంది. చెంబు మాత్రం తిరిగి ఇవ్వలేదు.